చేతి మీది డేగ, కంటి ముందరి గూడు

జూన్ మొదటి వారం. మనకు ఉదయం తొమ్మిది దాటేసరికి ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో తెల్లవారుతుంది. ఫోన్ తెర మీద ఒక గూటి లోపలి భాగం కనిపిస్తోంది. రాత్రంతా నలుపు తెలుపుల్లో ఉన్న దృశ్యంలోకి మెల్లగా రంగు దిగుతోంది. మూలన గోధుమ రంగు మీద నల్లచారలున్న ఆడ కెస్ట్రెల్ డేగ రెక్కలు కాస్త విప్పి కూర్చుని ఉంది. దాని పొట్ట కింద తెల్లటి నూగు ముద్దలు కదులుతున్నాయి. బయటి నుంచి తుంపులు తుంపులుగా ఒక పిలుపు వినిపించింది. ఆడది లేచి గుమ్మం దాకా వెళ్లి, ముక్కున ఒక ఎలుకతో తిరిగొచ్చింది. దాన్ని కాలి కింద అదిమిపెట్టి పీలికలు తీస్తోంది. మెడ నిలబెట్టలేని పిల్ల ఒకటి నోరు తెరిచి ఊగుతోంది. తల్లి తల పక్కకు వంచి, కొంకిముక్కు కొసన వేలాడే సన్నటి పీలికను ఆ నోటి దగ్గర పెట్టింది. పిల్ల తూలిపోయింది. తల్లి ఆగింది. మళ్లీ అందించింది. మూడోసారికి ముద్ద నోట్లో పడింది. చీల్చడానికే పుట్టిన ముక్కు గోరుముద్దలు తినిపించే వేలుగా మారిన ఆ క్షణాన నేను కాఫీ సంగతి మర్చిపోయాను.

ఆ ముక్కును అంతకు చాలా ఏళ్ల ముందు ఇంకో తెర మీద చూశాను. అక్కడ ఆ ముక్కు ఉన్న పక్షి ఒక బక్కపలుచని కుర్రాడి చేతి తొడుగు మీద కూర్చుని, అతడి వేళ్ల మధ్యనున్న మాంసం ముక్కను పెరుకుతోంది. ఆ సినిమా కెన్ లోచ్ 1969లో తీసిన ‘కెస్’. ఊరు బార్న్‌స్లీ, అదీ యార్క్‌షైరే. అక్కడ ఉన్నదీ ఈ కెస్ట్రెల్ జాతి పక్షే.

ఒకటి రచయిత, దర్శకుడు, నటులు, ఎడిటర్ కలిసి చేసిన కళాఖండం. రెండోది గూటి గోడకు బిగించిన కెమెరా పంపే నిరంతర ప్రసారం. వీటిని పక్కపక్కన పెట్టడం న్యాయమేనా అని కొందరికి అనిపించవచ్చు. న్యాయమేనని నా నమ్మకం. రెండూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఒక అడవి ప్రాణికి మనిషి ఎంత దగ్గరగా వెళ్లవచ్చు? ఆ దగ్గరితనానికి ఖరీదు ఎవరు కడతారు? సినిమా ఈ ప్రశ్నకు చేత్తో జవాబు చెప్పింది. కెమెరా కంటితో చెబుతోంది. ఏ జవాబు ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

రెండు గూళ్ల పుట్టుక

‘కెస్’కు మూలం బారీ హైన్స్ 1968లో రాసిన ‘ఎ కెస్ట్రెల్ ఫర్ ఎ నేవ్’ నవల. మధ్యయుగపు ఇంగ్లండులో వేటపక్షులకు కూడా హోదాలు ఉండేవి. చక్రవర్తికి గద్ద, రాజుకు పెద్ద డేగ, అలా దిగుతూ వచ్చి అట్టడుగున ఉండే సేవకుడికి కెస్ట్రెల్. ఆ పాత వరుసలోంచే నవల పేరు వచ్చింది. నవలకు ప్రాణం పోసిన అనుభవం మాత్రం రచయితది కాదు, అతడి తమ్ముడు రిచర్డ్‌ది. రిచర్డ్ ఎలెవన్ ప్లస్ పరీక్ష తప్పి, చదువు రాదని ముద్రపడ్డ పిల్లలను పంపే సెకండరీ మోడర్న్ బడిలో పడ్డాడు. టాంకర్స్‌లీ పాత హవేలీ శిథిలాల్లోంచి కెస్ట్రెల్ పిల్లను తెచ్చుకుని, పుస్తకాలు చదివి శిక్షణ నేర్చుకున్నాడు. సినిమాకు కావలసిన పక్షులను తర్ఫీదు చేసిందీ అతడే. తెర మీద మనం కెస్ అనుకునేది ఒక పక్షి కాదు. మూడు పక్షులు ఆ పాత్ర పోషించాయి. ఫ్రీమన్, హార్డీ, విల్లిస్ అని వాటికి ఒక చెప్పుల దుకాణం పేరును ముక్కలు చేసి పెట్టారు.

కథ చిన్నది. బిల్లీ కాస్పర్ గనుల ఊళ్లో పెరుగుతున్న బడిపిల్లాడు. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. తల్లికి ఓపిక లేదు. గనిలో పనిచేసే అన్న జడ్‌ది మొరటు చేయి. బడిలో బెత్తం. ఇంకొన్నాళ్లకు చదువు ముగిసి తానూ గనిలోకి దిగాల్సిన వాడు. అలాంటి వాడు ఒక పాడుబడ్డ గోడ ఎక్కి గూట్లోంచి కెస్ట్రెల్ పిల్లను తీసుకుంటాడు. గ్రంథాలయంలో పుస్తకం ఇవ్వకపోతే, పాతపుస్తకాల కొట్లోంచి వేటడేగల మీది పుస్తకం దొంగిలించి చదువుతాడు. పక్షిని ఎగరేయడం నేర్చుకుంటాడు. జడ్ గుర్రప్పందేనికి ఇచ్చిన డబ్బుతో బిల్లీ తిండి కొనుక్కుంటాడు. ఆ గుర్రాలు గెలుస్తాయి. జడ్ కోపం పక్షి మీద పడుతుంది.

రెండో గూడు యార్క్‌షైర్ వోల్డ్స్‌లో ఉంది. సుద్దరాతి కొండల మధ్య నీళ్లు పారని లోయలు, వాటి వాలుల్లో పచ్చికబయళ్లు. అక్కడి థిక్సెన్‌డేల్ అనే చిన్న ఊళ్లో రాబర్ట్ ఇ. ఫుల్లర్ అనే వన్యప్రాణి చిత్రకారుడు ఉంటాడు. బొమ్మ గీయాలంటే ముందు ప్రాణిని తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి. అందుకోసం తన పరిసరాల్లో గూడుపెట్టెలు అమర్చి, వాటి లోపల కెమెరాలు పెట్టాడు. కెస్ట్రెళ్లు, కొట్టపు గుడ్లగూబలు, అడవి గుడ్లగూబలు వాటిలో కాపురాలు పెట్టాయి. చిత్రకారుడి సాధన కోసం మొదలైన చూపు యూట్యూబ్ ద్వారా ప్రపంచానికి తెరుచుకుంది.

కెస్ట్రెల్ తనంత తాను గూడు అల్లుకోదు. గోడ చూరు, చెట్టు తొర్ర, కాకి వదిలేసిన గూడు, ఏది దొరికితే అందులో కాస్త చదును చేసుకుని గుడ్లు పెడుతుంది. అందుకే బిల్లీకి పాడుగోడలో దొరికింది, ఫుల్లర్‌కు పెట్టెలో దొరికింది. తొర్రలున్న ముసలి చెట్లు, పాత కట్టడాలు తగ్గిపోతున్న చోట ఒక మంచి పెట్టె కోసం గుడ్లగూబలు, కెస్ట్రెళ్లు గోళ్లతో కలబడతాయి. ఇల్లు దొరకని బాధ పక్షులకూ ఉంది.

కాలం ఎవరిది?

‘కెస్’ నిడివి సుమారు 110 నిమిషాలు. ఆ నిడివిలో పిల్ల డేగ పెద్దదవుతుంది, తాడుకట్టి ఎగురుతుంది, తాడు విప్పినా తిరిగొస్తుంది, చచ్చిపోతుంది. కాలాన్ని కత్తిరించే హక్కు సినిమాకు ఉంది. లోచ్ ఆ హక్కును చాలా పొదుపుగా వాడాడు. ఫుట్‌బాల్ ఆటకు, ప్రధానోపాధ్యాయుడి గదిలో బెత్తం దెబ్బలకు ఆయన ఎంత సమయం ఇచ్చాడో గమనించండి. పక్షికి కొద్ది నిమిషాలే మిగిల్చి, ఎక్కువ సమయం మనుషులకు ఇచ్చాడు. బిల్లీకి రోజులో పక్షితో దొరికేది కూడా అంతే. బడి, పేపర్లు వేసే పని, ఇల్లు మింగేయగా మిగిలిన కాస్తంతే. నిడివి పంపకంలోనే దర్శకుడు ఆ పిల్లాడి బతుకును చెప్పేశాడు.

గూటి కెమెరాకు ఆ హక్కు లేదు. కాలం అక్కడ పక్షిది. రోజు విడిచి రోజు ఒక గుడ్డు, మామూలుగా నాలుగు నుంచి ఆరు దాకా. తెల్లటి పెంకు మీద ఇటుకరంగు మచ్చలు ఎంత ఒత్తుగా ఉంటాయంటే, దూరానికి ఎర్రమట్టి ఉండల్లా కనిపిస్తాయి. తర్వాత 27 నుంచి 29 రోజుల పొదుగు. ఆ నాలుగు వారాలూ తెర మీద దాదాపు ఏమీ జరగదు. ఆడది కూర్చుంటుంది. గుడ్లను ముక్కుతో తిప్పుతుంది. మళ్లీ సర్దుకుని కూర్చుంటుంది. గాలి పెట్టెకు తగిలే చప్పుడు. అంతే.

కథలకు అలవాటు పడ్డ మనకు ఇది శూన్యంలా తోస్తుంది. నాకూ మొదట్లో అలాగే తోచింది. కానీ వారం గడిచాక ఆ కూర్చోవడంలో తేడాలు తెలియడం మొదలైంది. చలిగాలి వీచిన రోజున ఈకలు ఉబ్బించి మరీ కిందికి ఒదిగే తీరు వేరు. మగది ఆలస్యం చేసిన రోజున మాటిమాటికీ గుమ్మం వైపు తిరిగే తల వేరు. పొదగడం ఏమీ చేయకపోవడం కాదు, కదలకుండా చేసే కష్టం. ఈ సంగతిని ఏ సినిమా అయినా ఒక్క షాట్‌లో చెప్పి ముందుకు పోతుంది. కెమెరా దాన్ని చెప్పదు, మనచేత కూడా కూర్చోబెట్టి చేయిస్తుంది. కాలం విషయంలో తూకం కెమెరా వైపే మొగ్గుతుంది.

చేయీ, కన్నూ

బిల్లీ గోడ ఎక్కే దృశ్యాన్ని నేను చిన్నప్పుడు సాహసంగా చూశాను. గూటి కెమెరా అలవాటైన తర్వాత మళ్లీ చూస్తే చేతులు చల్లబడ్డాయి. ఆ గోడ కన్నంలో జరిగే సంసారం ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. అక్కడ ఒక తల్లి పీలికలు తీసి పెడుతోంది. ఒక మగది పచ్చికబయళ్ల మీద గాలికి ఎదురు నిలబడి వేటాడుతోంది. తోబుట్టువులు ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉన్నాయి. సినిమా వీటిలో ఏదీ చూపలేదు. బిల్లీ చెయ్యి లోపలికి వెళ్లింది, పిల్లతో బయటికి వచ్చింది. గూడు అతడికీ మనకూ ఒక కన్నం మాత్రమే. ఒక బిడ్డను ఇంటినుంచి ఎత్తుకొచ్చారన్న ఎరుకను ఆ దృశ్యం మనకు ఇవ్వదు. అడవిపక్షుల రక్షణకు బ్రిటన్‌లో 1954 నుంచే చట్టం ఉంది. బిల్లీ చేసింది చట్టం దృష్టిలో తప్పు. పేదపిల్లాడి మీది ప్రేమతో మనం ఆ తప్పును చూడకుండా దాటేస్తాం.

అంత మాత్రాన చేతిని కొట్టిపారేయలేం. బిల్లీ చెయ్యి నేర్చుకున్న చెయ్యి. తరగతి గదిలో ఫార్దింగ్ మాస్టారు అతణ్ని లేపి పక్షి గురించి చెప్పమన్న ఘట్టం సినిమాకు గుండెకాయ. ఎప్పుడూ తలవంచుకునే పిల్లాడు నల్లబల్ల దగ్గరికి వెళతాడు. కాళ్లకు కట్టే తోలుపట్టీల పేరు అక్షరం తప్పకుండా చెబుతాడు. ముడి ఎలా వెయ్యాలో, పక్షిని ఆకలి మీద ఎలా ఉంచాలో, తాడు విప్పి వదిలిన మొదటిరోజు గుండె ఎలా కొట్టుకుందో చెబుతాడు. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఆ జ్ఞానం చూడటం వల్ల రాలేదు. గోళ్లు గుచ్చుకోగా, వానలో తడవగా, తన చేతిమీద పక్షి బరువు మోయగా వచ్చింది. కెస్ట్రెల్ తూకం పావుకిలోకు అటూఇటూగానే ఉంటుంది. ఆ కాస్త బరువే అతడి నడకను మార్చేసింది.

నా చేతికి ఆ బరువు తెలియదు. నేను కొన్ని వేల మైళ్ల దూరంలో, ఫ్యాను కింద కూర్చుని చూస్తున్నాను. నా చూపు వల్ల గూటిలో ఈక కూడా కదలదు. రాత్రి కెమెరా వాడే పరారుణ కాంతి పక్షి కంటికి కనిపించదు కాబట్టి దాని నిద్ర చెడదు. ఇదే కెమెరా గొప్పతనం. గూటికి చేటు చేయకుండా గూటిలోకి తీసుకెళ్లింది. కానీ చేటు చేయని చూపుకు ఒక లోపం కూడా ఉంది. దానికి ఖర్చు లేదు. విసుగేస్తే తెర ఆపేస్తాం. బిల్లీ ఆపలేడు. పక్షికి పూటపూటా మాంసం తేవాలి. తన కడుపు ఖాళీగా ఉన్నా దాని కడుపు చూడాలి. ప్రేమకు తిండిపెట్టే బాధ్యత తోడైతేనే అది పెంపకం అవుతుంది. కన్ను పెంచలేదు.

తినిపించడం నేర్చుకున్న ఇద్దరు

ఈ రెండు తెరలూ ఒకదాన్నొకటి తాకే చోటు ఒకటుంది. ఈ వ్యాసం రాయాలనిపించింది దానివల్లే.

కెస్ట్రెళ్ల సంసారంలో పనులు విడివిడిగా ఉంటాయి. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లు వేట మగదానిది. చీల్చి తినిపించడం, కింద కప్పుకుని వెచ్చగా ఉంచడం ఆడదానివి. పెద్ద కెస్ట్రెల్ ఒక్కదానికే రోజుకు నాలుగు నుంచి ఎనిమిది వోల్‌లు కావాలి. వోల్ అంటే పొట్టితోక పచ్చికెలుక. ఇంటినిండా పిల్లలుంటే మగదాని రెక్కకు విశ్రాంతి ఉండదు. రెక్కాడితే గాని డొక్కాడదన్న మన మాట ఈ పక్షికి అక్షరాలా వర్తిస్తుంది.

ఫుల్లర్ గూడుపెట్టెల్లో ఒకదానిలో కాపురమున్న జంటను అందరూ మిస్టర్ కెస్, మిసెస్ కెస్ అని పిలిచేవారు. ఒక ఏడాది పిల్లలు ఇంకా పసివిగా ఉండగానే ఆడది కనిపించకుండా పోయింది. మగది అలవాటు ప్రకారం వేటాడి తెచ్చింది. తెచ్చి గూట్లో పెట్టింది. పిల్లలు అరుస్తున్నాయి. ఎదురుగా తిండి ఉంది, చీల్చుకునే బలం వాటికి లేదు. మగదానికి వాటి అరుపు వినిపిస్తోంది, ఏం చేయాలో తెలియడం లేదు. తిండి తేవడం వరకే దాని పని. నోటికందించడం దాని చేతిలో పని కాదు. కొన్ని గంటల ఆ తికమకను కెమెరా ఏ జాలీ లేకుండా చూపించింది. చివరికి ఆ మగది కాలికింద ఎలుకను అదిమి, పీలిక తీసి, ఒక పిల్ల నోటి దగ్గర పెట్టింది. అది తల్లి పనిని నేర్చుకుంది.

ఇప్పుడు బిల్లీ దగ్గరికి రండి. తండ్రి వెళ్లిపోయిన ఇంట్లో, ప్రేమగా ముద్ద పెట్టినవాళ్లు లేని పిల్లాడు, తల్లికి దూరం చేసి తెచ్చిన పక్షిపిల్లకు చిన్న మాంసం ముక్కలు కోసి తినిపించడం నేర్చుకుంటాడు. తినిపించడం అతడికి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో నేర్చుకునేందుకు ఎవరూ చూపలేదు. దొంగిలించిన పుస్తకంలోంచి నేర్చుకున్నాడు. తినిపించడానికి పుట్టనివాడు తినిపించేవాడు కావడం ఎలాగన్నదే రెండింటా జరిగింది. మిస్టర్ కెస్‌ను పుట్టుకతో వచ్చిన పని విభజన అడ్డుకుంది. బిల్లీని చుట్టూ ఉన్న సమాజం అడ్డుకుంది. ఇద్దరూ ఆ గీత దాటారు.

ఇక్కడ తేడా కూడా గమనించాలి. మిస్టర్ కెస్ నేర్చుకోవడాన్ని లోకం చూసింది, ముచ్చటపడింది. బిల్లీ నేర్చుకోవడాన్ని చూసింది ఒక్క ఫార్దింగ్ మాస్టారు. పొలంలోకి వచ్చి, కంచె పక్కన నిలబడి, పక్షి ఎర కోసం దూకే తీరును నోరు మెదపకుండా చూస్తాడు. ఆ చూపు కూడా గూటి కెమెరా చూపులాంటిదే. అడ్డం పడదు, తీర్పు చెప్పదు. కానీ దాన్ని అందుకుంటున్నవాడికి అది తెలుస్తోంది. చూడబడుతున్నానని తెలిసి ఆ పిల్లాడు నిటారుగా నిలబడతాడు. కెమెరా చూపు గూటిలోని పక్షికి చేరదు. మనిషి చూపు మనిషికి చేరుతుంది. సినిమా గెలిచిన చోటు ఇది.

పేర్లూ, వ్యాఖ్యానమూ

మిస్టర్, మిసెస్ అన్న పిలుపుల మీద నాకు అభ్యంతరం ఉంది. పక్షులకు పేర్లు పెట్టడం తప్పని కాదు. ఏ పక్షి ఏదో గుర్తుంచుకోవాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. కానీ మిస్టర్, మిసెస్ అనగానే మన పెళ్లి, మన ఇల్లు, మన మొగుడూపెళ్లాల తగువులు గూటిలోకి దూరిపోతాయి. ఆడది ఎగిరిపోతే బిడ్డల్ని వదిలేసిందని అనేస్తాం. అది వేరే వేటపక్షి వాత పడిందో, జబ్బుపడిందో కెమెరాకు కనిపించదు. కెమెరాకు కనిపించనిదాన్ని మన ఊహ నింపేస్తుంది. కత్తిరించి, సంగీతం పెట్టి, వ్యాఖ్యానం జోడించిన వీడియోల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఫుల్లర్ గొంతు సౌమ్యమైనది, ఆయన పరిశీలన లోతైనది. అయినా అన్ని గంటల తికమక కొన్ని నిమిషాల కథగా మారినప్పుడు, మనకు దక్కేది పక్షి కాలం కాదు, మళ్లీ సినిమా కాలమే. అందుకే పాఠకులకు నా సలహా ఒకటే. కుదించిన వీడియోతో మొదలుపెట్టినా, ప్రత్యక్ష ప్రసారం దగ్గరికి తప్పక వెళ్లండి.

ఈ విషయంలో ‘కెస్’ సినిమా ఆశ్చర్యపోయేంత నిగ్రహం చూపింది. పక్షి మచ్చికైందా అని జనం అడిగే మాటను మాస్టారి ముందు ఎత్తి, డేగలు మచ్చిక కావని, తర్ఫీదు మాత్రమే పొందుతాయని బిల్లీ కచ్చితంగా చెబుతాడు. అది తనను ప్రేమిస్తోందని ఎక్కడా అనడు. ఏ పెంపుడు జంతువుల సినిమాలోనైనా పక్షి ముఖం క్లోజప్‌లో చూపించి కన్నీళ్లు రాబట్టేవారు. లోచ్ ఆ పని చేయలేదు.

ఇంకో అడుగు ముందుకు వేసి చెప్పాలి. లోచ్, ఆయన ఛాయాగ్రాహకుడు క్రిస్ మెంజెస్ ఈ సినిమాలో కెమెరాను కాస్త దూరంగా ఉంచి, ఉన్న వెలుతురులోనే, మనుషులు తమ పనిలో తాముండగా చూశారు. పక్షుల్ని చూసేవాళ్లు పొదచాటున ఓపికగా కూర్చునే పద్ధతి అది. లోచ్ మనుషుల్ని పక్షుల్ని గమనించినంత గౌరవంగా గమనించాడు. మనం గూటి కెమెరా ముందు కూర్చుని పక్షుల్ని మనుషులుగా మార్చుకుంటున్నాం. కెమెరా కొత్తదే, చూపు క్రమశిక్షణ మాత్రం ఆ పాత సినిమాలోనే ఎక్కువ. ప్రత్యక్ష ప్రసారం చూసేవాళ్లు ‘కెస్’ నుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

చావు ఎక్కడ?

‘కెస్’ చివర ఏం జరుగుతుందో చూసినవాళ్లు మర్చిపోలేరు. జడ్ పక్షిని చంపి చెత్తడబ్బాలో పడేస్తాడు. బిల్లీ దాన్ని తీసుకుని, ఇంట్లోవాళ్ల ముందు ఏడ్చి, అరిచి, చివరికి గుంట తీసి పూడ్చిపెడతాడు. అక్కడితో సినిమా ఆగిపోతుంది. ఓదార్పు లేదు, తర్వాతి మాట లేదు. పక్షిని చంపింది జడ్ చేతులే అయినా, ఆ చేతుల్ని అలా తయారుచేసిన గని, పందెం, పేదరికం, బడి అన్నీ ఆ గుంట చుట్టూ నిలబడి ఉంటాయి. చెయ్యి పెట్టినవాడు చెయ్యి కాలినా నిలబడాలి. చేత్తో తెచ్చిన పక్షిని చేత్తోనే పూడ్చాల్సి వచ్చింది. తీసుకున్నదానికి బిల్లీ పూర్తి ఖరీదు కట్టాడు.

గూటి కెమెరాలో ముగింపు ఆనందంగా ఉంటుంది. పుట్టిన నాలుగు వారాలు దాటాక పిల్లలు గుమ్మం మీద నిలబడి రెక్కలు కొట్టడం మొదలుపెడతాయి. నూగు రాలి ఈకలు నిండుతాయి. ఒకరోజు ఒకటి వెళ్లిపోతుంది, మర్నాడు ఇంకొకటి. చివరికి ఖాళీ గూడు, గోడలకు తెల్లటి రెట్టచారలు, నేలమీద ఎలుకల బొచ్చు, ఎముకలు. రెక్కలొచ్చాయి, ఎగిరిపోయాయి అనుకుని మనం తృప్తిగా తెర మూసేస్తాం.

కానీ కథ అక్కడ ముగియదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. బ్రిటన్‌లో గూడు వదిలిన కెస్ట్రెల్ పిల్లల్లో మొదటి ఏడాది గట్టెక్కేవి సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. మిగిలినవి వేట చేతకాక, చలికి తట్టుకోలేక, రోడ్ల మీద వాహనాలకు తగిలి పోతాయి. మనం పేరుపేరునా లెక్కపెట్టుకుని మురిసిన పిల్లల్లో ఎక్కువ భాగం వచ్చే వేసవి చూడవు. ఆ చావులేవీ మన తెర మీదికి రావు. కెమెరా గూటికి బిగించి ఉంది, చావు పొలాల్లో జరుగుతుంది.

కెమెరా ఇక్కడ అబద్ధం చెప్పలేదు. చట్రం పరిమితి అది. కానీ చూసేవాడు ఆ పరిమితిని మర్చిపోతే అది అబద్ధంగా మారుతుంది. బ్రిటన్‌లో కెస్ట్రెళ్లు గత కొన్ని దశాబ్దాల్లో బాగా తగ్గాయి. అక్కడి పక్షుల స్థితి జాబితాలో ఇది కలవరపెట్టే జాతుల వర్గంలో, అంబర్ రంగులో ఉంది. వోల్‌లు బతకాలంటే కోయని గరుకు గడ్డి కావాలి. పొలాన్ని గట్టుదాకా దున్నేస్తే గడ్డి పోతుంది. గడ్డి పోతే ఎలుక పోతుంది. ఎలుక పోతే గాలిలో నిలబడే ఈ పక్షి కిందికి చూసి ఏం లాభం? సినిమాలో పక్షి చావుకు కారణం గది తలుపు దగ్గరే కనిపిస్తుంది. ఇక్కడి చావుకు కారణం ఊరంతా పరచుకుని ఉంటుంది. దాన్ని చూపగల గూటి కెమెరా ఇంకా రాలేదు. మరణం విషయంలో నిజాయితీ సినిమాది.

తూకం

పక్షి బతుకు తెలుసుకోవాలంటే గూటి కెమెరాను మించింది లేదని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఓపికలో, నిజంలో, ప్రాణికి హాని చేయకపోవడంలో అది ‘కెస్’ కంటే మెరుగైన చూపు. బిల్లీ చెయ్యి పెట్టిన కన్నంలోకి అది కన్ను మాత్రమే పంపింది. ఏ పాడుగోడ కన్నమూ ఖాళీ చేయకుండా ఎంతోమందికి కెస్ట్రెల్‌ను పరిచయం చేయగలిగింది. ఆ ఒక్క కారణంతోనే అది మన కాలపు మంచి పనుల్లో ఒకటి.

కానీ మనిషి బతుకు తెలియాలంటే, చూసినదానికి మనం ఏం బాకీ పడ్డామో తెలియాలంటే ‘కెస్’ కావాలి. 1999లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆ శతాబ్దపు మేటి బ్రిటిష్ సినిమాల జాబితాలో దానికి ఏడో స్థానం ఇచ్చింది. నా దృష్టిలో దాని విలువ ఆ సంఖ్యలో లేదు. ప్రేమించినదానికి తిండిపెట్టాలి, పోయినప్పుడు గుంట తీయాలి అని చెప్పడంలో ఉంది. గూటి కెమెరా సినిమాలోని మొదటి తప్పును దిద్దింది. ఆ సినిమా గూటి కెమెరా చూసేవాళ్ల చివరి తప్పును, తెర మూసి మర్చిపోవడాన్ని, దిద్దగలదు. రెండింటినీ చూసినవాడికే ఈ పక్షి పూర్తిగా దక్కుతుంది.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు సంగతి అనుకోకండి. ఇదే జాతి కెస్ట్రెళ్లు ప్రతి చలికాలం ఉత్తరదేశాల నుంచి మన దక్కను పీఠభూమికి వస్తాయి. 19వ శతాబ్దంలో జెర్డన్ భారతదేశపు పక్షుల మీద పుస్తకం రాస్తూ దీనికి తొండలతో ముడిపడిన తెలుగు పేరు నమోదు చేశాడు. అంటే ఇక్కడ ఇది ఏం పట్టి తింటుందో మన పల్లెవాళ్లకు అప్పటికే బాగా తెలుసు. ఆ చూపు మనది, మనమే పోగొట్టుకున్నాం.

ఈ చలికాలం ఊరి బయట బీడుభూమి పక్కన ఒక అరగంట నిలబడండి. పావురమంత పక్షి ఒకటి తోక విసనకర్రలా విప్పి, తల కదలకుండా గాలిలో ఒకేచోట నిలబడి కిందికి చూస్తుంటే, అదే కెస్ట్రెల్. దాన్ని పట్టుకోవద్దు, దాని వెంట పడొద్దు. అది చూస్తున్న ఆ బీడును మాత్రం పనికిరాని నేల అనకండి. తగలబెట్టే చెయ్యి మీదైతే ఆపండి, వేరొకరిదైతే ఒక మాట చెప్పండి. మనం దానికి పెట్టగలిగిన ముద్ద అదే.